అమ్మవారి పండగ వీధిలో 2000 పిక్సెళ్లు: నెట్‌వర్క్ కంట్రోలర్‌తో మా అనుభవం

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పండగకి లైటింగు కట్టేవాళ్లకి ఎస్‌డీ కార్డు కంట్రోలర్ కొత్తేమీ కాదు. టి-8000 రకం డబ్బాలో కార్డు దోపి పవర్ ఇస్తే ప్రోగ్రాం తనంతట తాను తిరుగుతూ ఉంటుంది. ఒక్క బోర్డు, ఒక్క ఆర్చి అయితే ఇప్పటికీ అదే సుఖం. ద్వారం ఒకచోట, స్తంభాలు ఒకచోట, మేడ చూరు ఇంకోచోట ఉండి, ఒక్కోదానికి ఒక్కో డబ్బా పెట్టినప్పుడే చిక్కు మొదలవుతుంది. అన్నీ ఒకేసారి ఆన్ చేసినా ప్రతి డబ్బాకీ దాని గడియారం దానిదే కాబట్టి కాసేపటికి ఒకటి ముందు, ఒకటి వెనక పడతాయి. ప్రోగ్రాం మార్చాలంటే నిచ్చెన ఎక్కి కార్డు తియ్యాలి. నెట్‌వర్క్ కంట్రోలర్‌లో ప్రోగ్రాం ఒక్కచోటే ఉంటుంది. ప్రతి ఫ్రేమూ, అంటే ఒక్కో క్షణపు బొమ్మ, అక్కడినుంచే అన్ని డబ్బాలకీ వెళుతుంది. అందుకే మేము అటు మారాం.

ఇక్కడ చెప్పేది ఒక వీధి పనికి మేము అమర్చే పద్ధతి. 40 నిలువు వరసలు, వరసకి 25 పిక్సెళ్లు (ఒక్కొక్కటీ విడిగా రంగు మార్చుకునే చిన్న బల్బు) ఉన్న బోర్డు ద్వారం పైన. రెండు పక్కలా స్తంభానికి 300 చొప్పున. వెనక మేడ చూరుకి 400. అంతా కలిపి 2000. పిక్సెళ్లు 12 వోల్టుల డబ్ల్యూఎస్ 2811 బుల్లెట్ రకం, సెట్టుకి 50. అంటే 40 సెట్లు. విడిగా నాలుగు సెట్లు స్పేర్ ఉంచుకుంటాం, అదీ కొన్న లాటులోవే. లాటు మారితే తెలుపులో తేడా కనబడుతుంది. ఒక్కోసారి రంగుల వరసే మారిపోతుంది.

వైరు విప్పకముందు కాగితం మీద లెక్క వెయ్యాలి. ఒక్కో పిక్సెల్‌కి మూడు చానళ్లు: ఎరుపు, గ్రీన్, నీలం. లైటింగు డేటాని నెట్‌వర్క్ మీద పంపే పద్ధతి ఈ1.31, అంటే ఎస్‌ఏసీఎన్. అందులో చానళ్ల కట్టని యూనివర్స్ అంటారు, ఒక యూనివర్స్‌కి 512 చానళ్లు. అందులో 170 పిక్సెళ్లు నిండుగా పట్టి 510 దగ్గర ఆగుతాయి. మొత్తం 2000ని 170తో భాగిస్తే 12 యూనివర్సులు సరిపోతాయి. మేము మాత్రం కంట్రోలర్‌లో పిక్సెల్ గొలుసు తగిలించే ప్రతి పోర్టునీ కొత్త యూనివర్స్‌తోనే మొదలుపెడతాం. బోర్డు ఎడమ సగం 500 పిక్సెళ్లకి 1 నుంచి 3, కుడి సగానికి 4 నుంచి 6, ఎడమ స్తంభానికి 7, 8, కుడి స్తంభానికి 9, 10, చూరుకి 11 నుంచి 13. ఒక యూనివర్స్ ఎక్కువైంది, పోనీ. రాత్రి తొమ్మిదింటికి జనం మధ్యలో నిలబడి తప్పు వెతికేటప్పుడు "తొమ్మిది అంటే కుడి స్తంభం కింద సగం" అని వెంటనే తెలియడం అంతకంటే విలువైనది. ఈ పట్టిక అట్ట మీద రాసి కంట్రోలర్ పెట్టె మూత లోపల అంటిస్తాం.

ఒక పోర్టుకి 500 దాటనివ్వకపోవడానికీ లెక్క ఉంది. డబ్ల్యూఎస్ 2811 డేటా 800 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది. ఒక్కో పిక్సెల్‌కి 24 బిట్లు, అంటే 30 మైక్రోసెకన్లు. 500 పిక్సెళ్లకి 15 మిల్లీసెకన్లు. సెకనుకి 40 ఫ్రేములు నడపాలంటే ఫ్రేముకి దొరికేది 25 మిల్లీసెకన్లే. 800 వరకు లాగవచ్చు. కానీ పొడుగు గొలుసులో నడిమి పిక్సెల్ ఒక్కటి పోతే దాని తరవాతవన్నీ ఆరిపోతాయి. గొలుసు పొట్టిగా ఉంటే నష్టమూ పొట్టిగానే ఉంటుంది.

ఇక పవర్. చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇదే, తరవాత తిప్పలు పెట్టేదీ ఇదే. ఈ రకం పిక్సెల్ పూర్తి తెలుపులో 50 నుంచి 60 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. 60 అనుకుంటే సెట్టుకి 3 ఆంపియర్లు, 40 సెట్లకి 120 ఆంపియర్లు, 1440 వాట్లు. కొన్న సెట్లలో ఒకదాన్ని పూర్తి తెలుపులో వెలిగించి డీసీ కొలిచే క్లాంప్ మీటరు పెట్టి చూడండి. పెట్టె మీద రాసిన అంకె కంటే ఆ రీడింగునే నమ్మండి. 12 వోల్టుల 30 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్‌ని (230 వోల్టులని 12కి దించే పవర్ సప్లై డబ్బా) నూటికి ఎనభై వంతులకే వాడాలి, అంటే 24 ఆంపియర్లు, ఎనిమిది సెట్లు. మేము బోర్డుకి మూడు, స్తంభానికొకటి, చూరుకి ఒకటి చొప్పున ఆరు పెడతాం. నిజానికి పండగలో 40 శాతం వెలుగు మించి నడపం. చీకట్లో 100 శాతం పెడితే కళ్లు చెదిరి బొమ్మ కనబడదు. అయినా ఎస్‌ఎంపీఎస్‌లని పూర్తి లోడుకే లెక్క కడతాం. డేటా తెగిన క్షణంలో సెట్టు సెట్టంతా తెల్లగా వెలిగిపోయే రోజు ఉంటుంది, ఆ క్షణంలో వైరు కాలకూడదు.

ఎస్‌ఎంపీఎస్ పక్కన సందులో 110, 230 అని చిన్న స్విచ్ ఉంటుంది. కొన్ని 110 మీద పెట్టి వస్తాయి. స్క్రూడ్రైవరు మొనతో 230కి జరిపాకే కరెంటు ఇవ్వండి. లేదంటే ఆన్ చేసిన క్షణమే లోపల కెపాసిటర్ పేలుతుంది.

వైరులో వోల్టేజి పడిపోవడం చూద్దాం. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకి సుమారు 7.4 మిల్లీ ఓమ్‌లు. ఎస్‌ఎంపీఎస్ పది మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ ఇరవై మీటర్లు, 0.148 ఓమ్‌లు. రెండు సెట్లకి 6 ఆంపియర్లు లాగితే దాదాపు 0.9 వోల్టు వైరులోనే పోతుంది. 12లోంచి 0.9 పోతే 11.1, పిక్సెల్‌కి పట్టదు. అదే 5 వోల్టుల సరుకైతే 4.1కి పడి, తెలుపు అడిగితే ఎర్రబారిన వెలుగు వస్తుంది, ఎందుకంటే నీలం, గ్రీన్ డయోడ్లకి ఎరుపు కంటే ఎక్కువ వోల్టేజి కావాలి. వీధి పనికి 12 వోల్టులే మేలని మేము గట్టిగా చెప్పేది ఇందుకే. 5 వోల్టులు ఇంటి గుమ్మానికి, దేవుడి గూటికి బాగుంటాయి.

ప్రతి రెండు సెట్ల మధ్య జాయింటు దగ్గర పవర్ విడిగా దింపుతాం. ఒక్కో దింపుడికి 7.5 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు. కంట్రోలర్ పోర్టు నుంచి డేటా, గ్రౌండు మాత్రమే తీసుకుంటాం. ఒక ఎస్‌ఎంపీఎస్ ఏలుబడి ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట పాజిటివ్ తీగని కోసేస్తాం. రెండు ఎస్‌ఎంపీఎస్‌ల పాజిటివ్‌లు కలిస్తే, కాస్త ఎక్కువ వోల్టేజి ఉన్నది రెండోదాని లోడంతా తానే మోస్తుంది. నెగెటివ్ మాత్రం ఎక్కడా తెగకూడదు. అన్ని ఎస్‌ఎంపీఎస్‌ల నెగెటివ్‌లూ, కంట్రోలర్ గ్రౌండూ ఒక్కటై ఉండాలి. అది వదులైనప్పుడు వచ్చే మిణుకు డేటా తప్పులా కనబడి గంటలు గంటలు తినేస్తుంది.

230 వోల్టుల వైపు 16 ఆంపియర్ల సి-కర్వ్ ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్), దాని ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్). ఆరు ఎస్‌ఎంపీఎస్‌లని ఒకే స్విచ్‌తో లేపితే మొదటి క్షణపు కరెంటుకి ఎంసీబీ పడిపోవచ్చు, అందుకని రెండేసి చొప్పున ఆన్ చేస్తాం. భక్తులు వట్టికాళ్లతో, తడిబట్టలతో నడిచే దారి ఇది. ఇనుప చట్రానికి ఎర్తింగు లేకుండా, ఆర్‌సీసీబీ టెస్టు బటను నొక్కి చూడకుండా మేము కరెంటు ఇవ్వం. తాత్కాలిక కనెక్షన్‌కి కరెంటు సంస్థ ఏపీఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో ముందుగానే దరఖాస్తు పెట్టుకోవాలి, లోడు వాట్లలో రాసి. పై లెక్క అక్కడ కూడా పనికొస్తుంది. ఎస్‌ఎంపీఎస్‌లో పోయేది కలుపుకుని 1700 వాట్లని రాస్తాం.

చట్రం గురించి రెండు మాటలు. సిరిమాను (పూజారిని చివర కూర్చోబెట్టి ఊరేగించే పొడుగు మాను) అమ్మవారి చదురుగుడికీ కోటకీ మధ్య తిరిగే దారిలో రోడ్డుకి అడ్డంగా ఒక్క తీగ కూడా కట్టకూడదు. ద్వారం పక్క వీధిలోనో, గుడి ప్రహరీకి ఆనుకునో ఉండాలి. బోర్డుకి ఫోమ్ షీటు వద్దు, ఇనుప జాలీ మీద పిక్సెళ్లని కేబుల్ టైలతో కట్టండి. పది సెంటీమీటర్ల ఎడంతో 4 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు వస్తుంది. అంత షీటు గాలికి తెరచాపలా నిలబడుతుంది, జాలీలోంచి గాలి దూరిపోతుంది. దసరా రోజులు మన తీరానికి తుపాను రోజులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చాయి.

బోర్డు కట్టేటప్పుడు సెట్టు కింద నుంచి పైకి 25, పక్క వరసలో పై నుంచి కిందికి 25. అలా ఒక సెట్టుకి రెండు వరసలు. పిక్సెల్ మీద బాణం గుర్తు ఉంటుంది, డేటా వెళ్లే దిక్కు అదే. గుర్తు చెరిగిపోతే కనెక్టర్ చూసి పోల్చుకోకండి. రెండు చివరలా మగ, ఆడ కనెక్టర్లు ఒక్కో కంపెనీ ఒక్కోలా పెడుతుంది. ఒక్కొక్క సెట్టునీ నేల మీదే వెలిగించి, నంబరు చీటీ కట్టి, అప్పుడే పైకి పంపాలి. పైకెక్కాక చచ్చిన పిక్సెల్ మార్చడం నేల మీద మార్చడానికి పదింతల పని.

కంట్రోలర్ నుంచి మొదటి పిక్సెల్ దాకా డేటా తీగ నాలుగైదు మీటర్లు దాటకుండా చూస్తాం. అందుకే ద్వారానికి 16 పోర్టుల పిక్సెల్ కంట్రోలర్‌ని బోర్డు వెనకే పెట్టి, దూరంగా ఉన్న చూరుకి ఈథర్‌నెట్ ఉన్న ఈఎస్‌పీ32 అనే చిన్న చిప్ బోర్డులో డబ్ల్యూలెడ్ అనే సాఫ్ట్‌వేర్ వేసి రెండో కంట్రోలర్‌గా నిలబెడతాం. పిక్సెల్ డేటా తీగ పది మీటర్లకే తడబడుతుంది, నెట్‌వర్క్ కేబుల్ వంద మీటర్లు నిక్కచ్చిగా పోతుంది. ఈఎస్‌పీ32 పిన్ను 3.3 వోల్టులే ఇస్తుంది. మధ్యలో దాన్ని 5 వోల్టులకి పెంచే 74ఏహెచ్‌సీటీ125 వంటి చిప్ ఉన్న బోర్డే కొనాలి, లేకపోతే మొదటి పిక్సెల్ ఒకసారి వింటుంది, ఒకసారి వినదు. కేబుల్ పూర్తి రాగి క్యాట్ 6. రాగి పూత పూసిన అల్యూమినియంది చవగ్గా దొరుకుతుంది గానీ రెండుసార్లు మెలిపెడితే లోపల తెగుతుంది.

నెట్‌వర్క్‌కి ఇంటర్నెట్ అక్కరలేదు. మామూలు 100 ఎంబీపీఎస్ స్విచ్ ఒకటి చాలు. 13 యూనివర్సులు, సెకనుకి 40 ఫ్రేములు, ప్యాకెట్టు 638 బైట్లు అంటే మొత్తం 2.7 ఎంబీపీఎస్ కూడా లేదు. ఐపీలు అన్నీ చేత్తో ఇస్తాం: ల్యాప్‌టాప్ 192.168.50.10, ప్లేయర్ 192.168.50.20, ద్వారం కంట్రోలర్ 192.168.50.51, చూరుది 192.168.50.52. మాస్కు 255.255.255.0, గేట్‌వే ఖాళీ. వైఫై మీద డేటా పంపే ఆలోచన వద్దు. పండగ జనంలో వేల ఫోన్లు ఉంటాయి; ఇంట్లో చక్కగా నడిచిన వైఫై ఆ సాయంత్రం నిలబడదు.

ఈ1.31ని మల్టీక్యాస్ట్, యూనిక్యాస్ట్ అని రెండు రకాలుగా పంపవచ్చు. మల్టీక్యాస్ట్‌లో ఒకటో యూనివర్స్ 239.255.0.1 చిరునామాకి పోతుంది, కంట్రోలర్ ఐపీ చెప్పనక్కరలేదు. వినడానికి తేలిక. కానీ ల్యాప్‌టాప్‌లో వైఫై, కేబుల్ రెండూ ఉంటే విండోస్ ఆ ప్యాకెట్లని వైఫైలోకి తోసేయవచ్చు. మామూలు స్విచ్ అయితే వాటిని అన్ని పోర్టులకీ వెదజల్లుతుంది. మేము యూనిక్యాస్ట్ (నేరుగా ఒక్కో కంట్రోలర్ ఐపీకే పంపడం) తప్ప వాడం. నెట్‌వర్క్ పోర్టు నంబరు యూడీపీ 5568.

కంట్రోలర్ వెబ్ పేజీ తెరిచి పోర్టు వారీగా ప్రోటోకాల్ డబ్ల్యూఎస్ 2811, పిక్సెళ్ల సంఖ్య, మొదటి యూనివర్స్, మొదటి చానల్ 1, రంగుల వరస, వెలుగు 40 నింపాలి. రంగుల వరస ఊహించి పెట్టకండి. పరీక్షలో ఎరుపు పంపి ఏది వెలిగిందో చూసి మార్చాలి. మా దగ్గర పనికి కుదిరిన ప్రతి కుర్రాడూ మొదట అడిగేది ఇదే: "ఏటన్నా, ఎర్ర నొక్కితే గ్రీన్ వచ్చేస్తంది?" తీగల తప్పు కాదది, ఆర్‌జీబీని జీఆర్‌బీగా మారిస్తే సరి.

డబ్ల్యూలెడ్ బోర్డులో మూడు చోట్ల జాగ్రత్త కావాలి. ఎల్‌ఈడీ సెట్టింగుల్లో కరెంటు హద్దు 850 మిల్లీ ఆంపియర్ల మీద ఉండిపోతే 400 పిక్సెళ్లూ గుడ్డిదీపాల్లా మినుకుతాయి. మీ ఎస్‌ఎంపీఎస్‌కి తగిన హద్దు ఇవ్వాలి. సింక్ సెట్టింగుల్లో మొదటి యూనివర్స్ 11, మోడ్ మల్టీ ఆర్‌జీబీ. గామా దిద్దుబాటు (వెలుగు మెట్లని కంటికి తగ్గట్టు సర్దడం) ప్రోగ్రాంలోనే చేసి ఉంటే ఇక్కడ ఆపాలి, రెండుచోట్లా జరిగితే మసక రంగులు నల్లబడి పోతాయి.

ప్రోగ్రాం ఎక్స్‌లైట్స్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తాం. ఉచితం. కంట్రోలర్స్ పేజీలో రెండు ఈథర్‌నెట్ కంట్రోలర్లు, ఐపీలు, యూనివర్స్ సైజు 510. లేఅవుట్‌లో బోర్డుని నిలువు మ్యాట్రిక్స్‌గా గీసి, స్ట్రింగులు (పోర్టుకొక గొలుసు) 2, స్ట్రింగుకి 500 పిక్సెళ్లు, స్ట్రాండులు (గొలుసులోని వరసలు) 20, మొదలు ఎడమ కింద మూల. అప్పుడు వరసకి 25 తేలుతుంది. అక్షరం పంపి చూడండి: ఒక వరస విడిచి ఒక వరస తలకిందులైతే మొదలుపెట్టిన మూల గానీ స్ట్రాండుల లెక్క గానీ తప్పు.

తెలుగు అక్షరాలకి 25 వరసల ఎత్తు తక్కువే. పైన గుడి, కింద ఒత్తు పోగా అసలు అక్షరానికి సగమే మిగులుతుంది. "శ్రీ" లాంటి అక్షరం ముద్దయిపోతుంది. మేము మాటలని బొమ్మగా తయారుచేసి, ఒక్కో గీత కనీసం రెండు పిక్సెళ్ల మందం వచ్చేలా చేత్తో దిద్ది పంపుతాం. పొడుగు మాటని ఆపి చూపకుండా కుడి నుంచి ఎడమకి నడిపిస్తే కన్ను తనే కలుపుకుని చదువుకుంటుంది. నేల రంగు నలుపు ఉంచండి, రంగు మీద రంగు వేస్తే అరవై అడుగుల దూరంలో ఏదీ తేలదు.

సైట్లో నడిపేది ల్యాప్‌టాప్ కాదు, రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో ఎఫ్‌పీపీ అనే సాఫ్ట్‌వేర్. మేము ప్లేయర్ అనేది దీన్నే. ఎక్స్‌లైట్స్ తయారుచేసిన ఎఫ్‌సెక్ ఫైలుని అందులోకి ఎక్కించి, సాయంత్రం మొదలై రాత్రి ఆగేలా షెడ్యూలు ఇస్తాం. ఇక్కడొక మెలిక: రాస్‌ప్‌బెర్రీ పై 4, అంతకుముందు రకాల్లో కరెంటు పోయినా నడిచే గడియారం లేదు. ఇంటర్నెట్ లేని వీధిలో కరెంటు పోయి వస్తే టైము తప్పుతుంది, షెడ్యూలు అర్ధరాత్రి మేలుకుంటుంది. చిన్న ఆర్‌టీసీ (బ్యాటరీ గడియారం) మాడ్యూలు తగిలిస్తే ఆ బాధ తీరుతుంది. కరెంటు పోయి జనరేటరు అందుకునే లోపు ప్లేయర్, స్విచ్, కంట్రోలర్ ఆగకుండా వాటిని చిన్న యూపీఎస్ మీద పెడతాం. పిక్సెళ్లు ఆరినా లైను తిరిగి వచ్చిన క్షణమే నడుస్తున్న చోటునుంచి వెలుగుతాయి.

తప్పు వెతకడానికి ఒక వరస ఉంది, దాన్ని దాటకూడదు. మొదట కంట్రోలర్‌లోనే ఉండే టెస్టు. అది వెలగకపోతే తప్పు తీగల్లోనో పవర్‌లోనో ఉంది, ల్యాప్‌టాప్ మూసేయండి. అది వెలిగి ప్రోగ్రాం రాకపోతే ల్యాప్‌టాప్ నుంచి కంట్రోలర్ ఐపీకి పింగ్ కొట్టండి, అంటే జవాబు వస్తుందో లేదో చూడండి. పింగ్ వస్తే యూనివర్స్ నంబర్లు చూడండి, తరవాత విండోస్ ఫైర్‌వాల్. ఒక పిక్సెల్ దాటాక అన్నీ ఆరిపోతే మొదటి ఆరిన పిక్సెల్ మీదా, దాని ముందు వెలుగుతున్న దాని మీదా సమానంగా అనుమానం పెట్టుకోండి, ముందుదాని అవుట్‌పుట్ పోయి ఉండవచ్చు. 170 దాటగానే రంగులు పక్కకి జరిగితే ఒకవైపు 510, ఇంకోవైపు 512 అని పెట్టారు. స్తంభంలో బోర్డు బొమ్మ ముక్క కనబడితే యూనివర్సులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. బొమ్మ రెండు ప్రోగ్రాముల మధ్య కొట్టుకుంటుంటే ల్యాప్‌టాప్‌లో అవుట్‌పుట్ ఆపడం మరిచారు, ప్లేయర్‌తో కలిసి ఇద్దరు పంపుతున్నారు. ప్లేయర్ ఆగిపోయినా చివరి బొమ్మ అలాగే నిలిచిపోతే కంట్రోలర్ సెట్టింగు అది. ఎస్‌ఏసీఎన్ ప్రమాణంలో 2.5 సెకన్లు డేటా రాకపోతే పంపేవాడు పోయినట్టు లెక్క, ఆ తరవాత ఆరిపోవాలా నిలిచిపోవాలా అన్నది పేజీలో ఎంచుకోవాలి. మేము ఆరిపోవడమే పెడతాం.

వాన విషయం. బుల్లెట్ పిక్సెల్‌లోకి నీరు పోదు, జాయింట్లలోకి పోతుంది. రబ్బరు వలయం, బిగించే మర ఉన్న కనెక్టర్లే వాడండి. మామూలు మూడు పిన్నుల జేఎస్‌టీ కనెక్టర్ ఒక్క వానకే పచ్చగా చిలుము పడుతుంది. జాయింటు మీద తనకి తాను అతుక్కునే రబ్బరు టేపు చుట్టి, నోరు కిందికి వేలాడేలా కడతాం. ఎస్‌ఎంపీఎస్ పెట్టెలకి తీగలు అడుగునుంచే గ్లాండుల గుండా పోవాలి, పెట్టె కింద తీగ ఒక వంపు తిరిగి పైకెక్కితే నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. పెట్టెలు చేయి అందని ఎత్తులో ఉండాలి, కానీ నిచ్చెనకి అందాలి.

ఉత్సవం అయ్యాక విప్పేటప్పుడు సెట్లని కోసి లాగకండి. జాయింటు విప్పి, నంబరు చీటీ తియ్యకుండా, ఒక్కో సెట్టునీ విడిగా చుట్టి, తడి ఆరాకే సంచిలో వెయ్యాలి. కంట్రోలర్ సెట్టింగుల బ్యాకప్, ఎక్స్‌లైట్స్ ఫోల్డరు ఒకే పెన్‌డ్రైవులో వేసి ఆ పెట్టెలోనే ఉంచుతాం.